వంటశాల వీరుడు: 'కుంగ్ ఫూ పాండా' చిత్రానికి బౌద్ధ పూర్వరంగం

2008 జూన్ నెలలో అమెరికాకు చెందిన డ్రీమ్‌వర్క్స్ యానిమేషన్ సంస్థ 'కుంగ్ ఫూ పాండా' చిత్రాన్ని విడుదల చేసింది. జాన్ స్టీవెన్‌సన్, మార్క్ ఆస్బర్న్ దీనికి దర్శకులు. ఇంటిల్లిపాదీ కలిసి చూసి నవ్వుకొనేందుకు తీసిన ఈ హాస్యచిత్రానికి 2011, 2016, 2024 సంవత్సరాలలో కొనసాగింపులు వచ్చాయి. ప్రాచీన చైనాలోని ఒక లోయలో పో అనే బొద్దు పాండా, తనను పెంచిన బాతు నడిపే నూడుల్స్ దుకాణంలో పనిచేస్తుంటాడు. కొండమీది విద్యాపీఠంలో షిఫూ అనే గురువు వద్ద పులి, కోతి, కొంగ, పాము, గొల్లభామ ఏళ్ల తరబడి యుద్ధవిద్య నేర్చుకుంటూ ఉంటారు. ఆ ఐదుగురిలో ఒకరిని 'డ్రాగన్ యోధుడు'గా ఎన్నుకొనే రోజున, పీఠానికి పెద్ద అయిన ఊగ్వే అనే తాబేలు చూపిన వేలు పాండా ముందు ఆగుతుంది. సాధన చేసినవారు నివ్వెరపోతారు. ఆ ఎంపిక సరైనదేనా అన్న ప్రశ్న చుట్టూనే తరువాతి కథంతా నడుస్తుంది.

అనర్హుడని అందరూ తోసిపుచ్చినవాడు చివరకు గెలవడం ఏ దేశపు జానపద కథలోనైనా కనిపించేదే. అయితే ఈ చిత్రంలో నాలుగు అంశాలు ఒకచోట చేరాయి. వీరుడు వంటశాల నుండి వస్తాడు. వృద్ధగురువు శిక్షితులైన శిష్యులను కాదని అతణ్ణి ఎన్నుకుంటాడు. పరంపరకు గుర్తయిన వస్తువు కోసం బలవంతుడొకడు వెంటపడతాడు. చివరకు ఆ వస్తువు, అంటే డ్రాగన్ గ్రంథం, ఒక్క అక్షరమైనా లేకుండా ఖాళీగా ఉంటుంది. తూర్పు ఆసియా బౌద్ధ వాఙ్మయం ఎరిగినవారికి ఈ నాలుగూ పాత పరిచయాలే. చిత్రకర్తలు ఏ గ్రంథం చదివి వీటిని తీసుకున్నారన్నది ఈ వ్యాస విషయం కాదు. ఈ కథాంశాలు బౌద్ధ సంఘంలో ఎప్పుడు, ఏ అవసరం కొద్దీ రూపుదిద్దుకున్నాయో పరిశీలించడమే ఇక్కడి ఉద్దేశం. ఈ పరిశీలన అవసరం కావడానికి కారణం ఉన్నది. షావోలిన్ గురించి, బోధిధర్ముడి గురించి నేడు తెలుగువారిలో వ్యాపించిన అభిప్రాయాలలో చాలా భాగం సినిమాల ద్వారా వచ్చినదే. కథను చరిత్రగా చదివితే చరిత్ర చెడుతుంది. కథ చెప్పదలచిన ధర్మం కూడా కనుమరుగవుతుంది.

గాథ నిలవని భిక్షువు

అనర్హుడిగా కనిపించిన శిష్యుడి కథకు బౌద్ధంలో మూలరూపం భారతదేశంలోనే ఉన్నది. జాతకాలలో నాలుగవదైన చుల్లకసెట్ఠి జాతకపు ప్రస్తావనలోను, ధమ్మపద అట్ఠకథలోను చూళపంథకుడి వృత్తాంతం కనిపిస్తుంది. నాలుగు నెలలు ప్రయత్నించినా అతనికి ఒక్క గాథ కంఠస్థం కాలేదు. అప్పటికే అర్హంతుడైన అన్న మహాపంథకుడు, ఇతడు శాసనానికి తగడని తలచి ఇంటికి పొమ్మన్నాడు. జీవకుడు సంఘానికి ఇచ్చిన భోజనపు ఆహ్వానంలో కూడా తమ్ముణ్ణి లెక్కించలేదు. వెళ్లిపోతున్న చూళపంథకుణ్ణి బుద్ధుడు ఆపి, ఒక తెల్లని గుడ్డ ఇచ్చి, మురికి పోవాలని పలుకుతూ దానిని చేతితో రుద్దుతూ ఉండమన్నాడు. రుద్దగా రుద్దగా శుభ్రమైన గుడ్డ మాసిపోయింది. ఆ మార్పును చూస్తూనే అతడు అనిత్యతను గ్రహించి అర్హంతుడయ్యాడు. మనోమయ కాయాన్ని నిర్మించగలవారిలో అగ్రగణ్యుడిగా అంగుత్తర నికాయం అతణ్ణి పేర్కొన్నది.

బుద్ధుడు ఇక్కడ శిష్యుణ్ణి మార్చలేదు, బోధించే పద్ధతిని మార్చాడు. గాథ పట్టుబడనివాడికి గుడ్డ ఇచ్చాడు. చలనచిత్రంలో షిఫూ కూడా ఇటువంటి మలుపు దగ్గరకే వస్తాడు. మిగిలిన శిష్యులకు పనిచేసిన శిక్షణ పాండాకు పనిచేయదు. ఆకలి వేసినప్పుడు మాత్రం అతని శరీరం అసాధ్యమైన విన్యాసాలు చేస్తుందని గమనించి, గురువు ఆవిరి కుడుములనే శిక్షణకు సాధనంగా చేసుకుంటాడు. బౌద్ధులు ఉపాయకౌశలం అని పిలిచే గుణం ఇదే. చూళపంథకుడి కథ చైనాకు కూడా చేరింది. హ్యూయన్ త్సాంగ్ 7వ శతాబ్దంలో చైనా భాషలోకి అనువదించిన నందిమిత్రుడి గ్రంథంలోని పదహారుగురు అర్హంతుల జాబితాలో అతడు ఉన్నాడు. ఆ జాబితాను అనుసరించి చైనా విహారాలలో అతని రూపం శతాబ్దాలుగా చిత్రితమవుతూ వచ్చింది.

వడ్లు దంచిన పితృపాదుడు

భారతీయ కథలో మందబుద్ధి శిష్యుడు ఉన్నాడు, వంటశాల లేదు. చాన్ సంప్రదాయం ఆ శిష్యుణ్ణి వంటశాలలో నిలబెట్టింది. 8వ శతాబ్దంలో రూపొందిన 'వేదికా సూత్రం' ఆరవ పితృపాదుడు హుయినెంగ్ జీవితాన్ని ఇలా చెబుతుంది. అతడు దక్షిణాది లింగ్నాన్ ప్రాంతంలో కట్టెలమ్ముకొనే నిరక్షరాస్యుడు. వజ్రచ్ఛేదిక సూత్రపారాయణం విని, ఐదవ పితృపాదుడైన హోంగ్‌రెన్ దగ్గరకు బయలుదేరాడు. దక్షిణాది అనాగరికుడు బుద్ధుడెలా కాగలడని గురువు ప్రశ్నించగా, మనుషులలో ఉత్తర దక్షిణాలు ఉండవచ్చు గాని బుద్ధస్వభావంలో లేవని సమాధానమిచ్చాడు. గురువు అతణ్ణి వడ్లు దంచే పనికి పంపాడు. ఎనిమిది నెలలకు పైగా ఆ పనిలోనే గడిచింది.

వారసుణ్ణి ఎన్నుకొనేందుకు హోంగ్‌రెన్ గాథలు రాయమన్నప్పుడు, ప్రథమ శిష్యుడు షెన్‌షియూ తప్ప మరొకరు రాయడానికి సాహసించలేదు. దంపుడుశాల నుండి వచ్చిన హుయినెంగ్ అక్షరాలు రాక, వేరొకరి చేత తన గాథను గోడమీద రాయించాడు. గురువు అర్ధరాత్రి వేళ అతణ్ణి పిలిచి, పరంపరకు గుర్తుగా చీవరాన్ని అప్పగించి, ప్రాణాపాయం ఉన్నది గనుక వెంటనే వెళ్లిపొమ్మన్నాడు. వెంటపడినవారిలో, పూర్వాశ్రమంలో సేనాధిపతిగా ఉన్న ఒక మొరటు భిక్షువు అందరికంటే ముందుగా అతణ్ణి చేరుకున్నాడు. తరువాతి పాఠాలలో హుయినెంగ్ చీవరాన్ని బండమీద ఉంచగా, ఆ బలశాలి దానిని కదిలించలేకపోయాడు. చలనచిత్రంలో తాయ్ లుంగ్ అనే మంచుచిరుత వెయ్యి గ్రంథాల విద్య నేర్చి, నిరాకరణకు గురై, కారాగారం నుండి తప్పించుకొని డ్రాగన్ గ్రంథం కోసం వస్తాడు. గ్రంథం చేతికి చిక్కినా దాని అర్థం అతనికి అందదు. బలం చేత పరంపర లభించదన్న సూత్రం ఈ రెండు కథలలోనూ ఒక్కటే.

అయితే ఈ కథను జరిగినది జరిగినట్లుగా తీసుకోవడానికి వీలులేదు. హోంగ్‌రెన్ మరణానంతరం రాజధానిలో గౌరవం పొందినవాడు షెన్‌షియూయే. 701లో సామ్రాజ్ఞి వూ అతణ్ణి ఆస్థానానికి ఆహ్వానించి వందనం చేసింది. ఆ కాలపు తొలి జాబితాలలో హుయినెంగ్ పదిమంది శిష్యులలో ఒకడు మాత్రమే. అతణ్ణి ఏకైక వారసుడిగా నిలిపినవాడు అతని శిష్యుడు షెన్‌హుయి. 730 దశకంలో షెన్‌హుయి ఉత్తర శాఖపై బహిరంగ వాదాలు జరిపి, ఆస్థాన గౌరవం వేరు, ధర్మపరంపర వేరు అని ప్రకటించాడు. దున్‌హువాంగ్ గుహలలో దొరికిన రాతప్రతులను 1920 దశకంలో పారిస్‌లో పరిశీలించిన హూ షీ, షెన్‌హుయి ప్రసంగాలను గుర్తించి 1930లో ప్రచురించిన తరువాతనే ఈ సంగతి స్పష్టమైంది. దంపుడుశాల కథ ఒక శాఖా వివాదంలో పుట్టిన ఆయుధం. అలాగని అది వట్టి అబద్ధమూ కాదు. పాండిత్యమూ, పదవీ, రాజాశ్రయమూ బోధికి కొలమానాలు కావని చెప్పడానికి ఒక సంఘం ఎన్నుకొన్న రూపమది.

పాకశాలాధికారి

చాన్ విహారాలలో వంటశాలకు లభించిన గౌరవానికి కథలలోనే కాక దినచర్యలో కూడా ఆధారం ఉన్నది. భారతీయ వినయంలో భిక్షకు భిక్షాటనే మార్గం. అక్కడ కూడా భోజనాల ఏర్పాటును చిన్నపనిగా చూడలేదు. ఏడేళ్ల వయసులోనే అర్హంతుడైన దబ్బ మల్లపుత్రుడు, సంఘానికి శయనాసనాలు కేటాయించి భోజనాలు నిర్దేశించే బాధ్యతను తానే కోరి తీసుకున్నాడని వినయపిటకం చెబుతుంది. చైనాలో విహారాలు కొండలలో స్థిరపడి, సొంత పొలాలు, సొంత వంటశాలలు ఏర్పరచుకున్నాక, పాకశాలాధికారి పదవి విహార పాలనలోని ముఖ్యమైన స్థానాలలో ఒకటయింది.

ఈ పదవి అర్థాన్ని లోకానికి చెప్పినవాడు జపాన్ భిక్షువు దోగెన్. 1237లో రచించిన 'తెంజో క్యోకున్' అనే గ్రంథంలో ఆయన తన యౌవనపు అనుభవాన్ని నమోదు చేశాడు. 1223లో ఆయన ఓడ చైనా తీరంలో ఆగి ఉండగా, అరవై ఒక్క ఏళ్ల వృద్ధ భిక్షువు ఒకరు జపాన్ పుట్టగొడుగులు కొనడానికి ఓడకు వచ్చారు. ఆయన అశోకరాజ పర్వత విహారంలో పాకశాలాధికారి. స్వస్థలం పశ్చిమాన ఉన్న షూ దేశం, అంటే నేటి సిచువాన్. మరునాడు పండుగ గనుక సంఘానికి నూడుల్స్ పులుసు వండాలని, అందుకు పుట్టగొడుగులు కావాలని ఆయన అంత దూరం నడిచి వచ్చారు. ఈ వయసులో ధ్యానమూ గ్రంథపఠనమూ విడిచి వంటపని ఎందుకని దోగెన్ అడగగా, సాధన అంటే ఏమిటో, అక్షరమంటే ఏమిటో నీకింకా తెలియలేదని నవ్వి, చీకటి పడకముందే వెళ్లిపోయారు.

ఆ వృద్ధుడి విహారానికి అశోకుడి పేరు రావడానికి కారణం, అశోకుడు నిర్మింపజేశాడని చెప్పే 84,000 స్తూపాలలో ఒకటి అక్కడ బయటపడిందన్న ఐతిహ్యం. పాండాలకు నేటికీ ప్రధాన నివాసం సిచువాన్ కొండలే. చలనచిత్రంలోని నూడుల్స్ దుకాణానికీ ఈ సంఘటనకూ సంబంధం కలపడానికి ఆధారం లేదు. కాని 'కుంగ్ ఫూ' అన్న మాట అర్థాన్ని ఈ సంఘటన చక్కగా విప్పుతుంది. చైనా భాషలో ఆ మాటకు మొదటి అర్థం యుద్ధవిద్య కాదు. ఒక పనిమీద వెచ్చించిన కాలమూ శ్రమా, వాటివలన వచ్చిన నేర్పూ అని దాని అర్థం. చాన్ భిక్షువులు ధ్యానసాధనను కూడా ఆ మాటతోనే పిలిచారు. పుట్టగొడుగుల కోసం నడిచిన వృద్ధుడు చేసినది ఆ అర్థంలో కుంగ్ ఫూయే.

షావోలిన్: శిలాశాసనాలు చెప్పేది

యుద్ధవిద్యకూ బౌద్ధానికీ ముడి వేసిన స్థలం హెనాన్ రాష్ట్రంలోని సోంగ్ పర్వతపు షావోలిన్ విహారం. ఉత్తర వేయ్ చక్రవర్తి షియావోవెన్ 5వ శతాబ్దం చివరి దశకంలో దీనిని భారతీయ భిక్షువైన భద్రుడి కోసం నిర్మింపజేశాడు. ఈ భిక్షువును చైనావారు బాతువో అంటారు. ఆయన ధ్యానాచార్యుడు. విహారస్థాపకుడు భారతీయుడన్న ఈ నిజమైన గౌరవాన్ని, తరువాత వచ్చిన బోధిధర్ముడి కథ పూర్తిగా మరుగుపరచింది.

బోధిధర్ముడి గురించి మనకు లభించే మొదటి ప్రస్తావన యాంగ్ షువాన్‌జీ 547 ప్రాంతంలో రాసిన లుయోయాంగ్ విహారాల వర్ణనలో ఉన్నది. అందులో ఆయన పారశీక దేశస్థుడైన వృద్ధ భిక్షువు. తాన్‌లిన్ పీఠికలో దక్షిణ భారత రాజు మూడవ కుమారుడు. 645లో దావోషువాన్ రచించిన భిక్షుచరిత్రలో దక్షిణ భారత బ్రాహ్మణుడు. ఈ తొలి ఆధారాలలో కాంచీపురం పేరు లేదు, పల్లవుల పేరు లేదు, యుద్ధవిద్య ఊసే లేదు. బోధిధర్ముడు షావోలిన్ భిక్షువులకు వ్యాయామం నేర్పాడన్న మాటకు మూలం 'యీజిన్ జింగ్' అనే స్నాయుపరివర్తన గ్రంథం. అది 1624లో ఒక దావో మతస్థుడి చేతిమీదుగా వెలువడింది. ప్రాచీనత కల్పించడానికి 628, 1142 సంవత్సరాల నాటివని చెప్పే రెండు పీఠికలను దానికి జోడించారు. ఆ పీఠికలలోని చారిత్రక దోషాలను చైనా పండితులే 18వ శతాబ్దంలో ఎత్తిచూపారు. 20వ శతాబ్దంలో తాంగ్ హావో ఆ పనిని ముందుకు తీసుకువెళ్లాడు. అయినా 20వ శతాబ్దారంభపు నవలలు, యుద్ధవిద్యా పుస్తకాలు ఆ కథను ఇంటింటికీ చేర్చాయి. 2011లో తమిళంలో వచ్చి, తెలుగులోకి 'సెవెంత్ సెన్స్' పేరుతో అనువాదమైన చిత్రం బోధిధర్ముణ్ణి కాంచీపురపు పల్లవ రాకుమారుడిగా, చైనాకు వైద్యమూ యుద్ధవిద్యా నేర్పినవాడిగా చూపింది. దక్షిణాది ప్రేక్షకుల గర్వానికి అది తృప్తినిచ్చింది. చరిత్రకు మాత్రం ఏమీ ఇవ్వలేదు.

షావోలిన్ భిక్షువులు పోరాడిన మాట వాస్తవమే. 621లో తాంగ్ రాకుమారుడు లీ షీమిన్, లుయోయాంగ్‌లో స్వతంత్రించిన వాంగ్ షీచోంగ్‌పై దండెత్తినప్పుడు, విహారపు భిక్షువులు శత్రుసేనను ఓడించి, వాంగ్ బంధువును బందీగా పట్టి అప్పగించారు. 728లో విహారంలో నిలిపిన శిలాశాసనంలో ఆ రాకుమారుడి లేఖ, పదముగ్గురు భిక్షువుల పేర్లు చెక్కారు. పోరాటానికి కారణం ధర్మరక్షణ అని శాసనం అన్నా, విహారపు భూములు శత్రువు అధీనంలో ఉన్న సంగతి కూడా అందులోనే తెలుస్తుంది. ఆ భిక్షువులకు ప్రత్యేకమైన యుద్ధరీతి ఉన్నట్లు శాసనం చెప్పదు. షావోలిన్ దండవిద్య ప్రసిద్ధి 16వ శతాబ్దపు మింగ్ కాలపు రచనలలో మొదలవుతుంది. 1550 దశకంలో తూర్పు తీరపు సముద్రపు దొంగలపై యుద్ధానికి ప్రభుత్వమే భిక్షువులను పిలిపించింది. 17వ శతాబ్దారంభంలో చెంగ్ జోంగ్‌యోవ్ ఆ విద్యపై గ్రంథం రాశాడు.

వినయం దృష్టిలో ఇది తేలికగా దాటిపోదగిన విషయం కాదు. పాతిమోక్ఖంలోని పాచిత్తియ నియమాలలో 48 నుండి 50 వరకు గలవి, యుద్ధానికి బయలుదేరిన సేనను చూడడానికి పోవడాన్ని, సేనలో రెండు మూడు రాత్రులకు మించి ఉండడాన్ని, యుద్ధవిన్యాసాలు చూడడాన్ని నిషేధిస్తాయి. 74వ నియమం కోపంతో సాటి భిక్షువును కొట్టడాన్ని దోషంగా చెబుతుంది. చైనాలో ప్రచారమైన బ్రహ్మజాల సూత్రపు బోధిసత్త్వ శీలాలు ఆయుధాలు దాచడాన్నే నిషేధించాయి. భిక్షువు చేతిలో ఉండదగినది గంటల గలగలతో జంతువులను తొలగించే ఖక్ఖర దండం ఒక్కటే. షావోలిన్‌కు ఖడ్గంకంటే దండం గుర్తుగా నిలవడంలో ఈ నియమాల నీడ కనిపిస్తుంది.

వజ్రపాణి నుండి కిన్నరుడి వరకు

నియమానికీ ఆచరణకూ నడుమ ఏర్పడిన ఈ బిగువును సడలించడానికి కథలు పుట్టాయి. తాంగ్ కాలపు రచయిత జాంగ్ జువో, 6వ శతాబ్దపు ధ్యానాచార్యుడు సెంగ్‌చోవ్ బాల్యం గురించి ఒక కథ చెప్పాడు. విహారంలోని బాల శ్రామణేరులు ఖాళీ సమయంలో కుస్తీ పట్టేవారు. బలహీనుడైన సెంగ్‌చోవ్‌ను అందరూ కొట్టి ఏడిపించేవారు. అతడు వజ్రపాణి విగ్రహం పాదాలు పట్టుకొని, బలమిస్తే గాని వదలనని ఆరు రోజులు ప్రార్థించాడు. దేవుడు ప్రత్యక్షమై గిన్నెనిండా స్నాయువులు పెట్టి తినమన్నాడు. భిక్షుసంఘంలో ఉన్నవాడు మాంసం ముట్టరాదని బాలుడు నిరాకరిస్తే, వజ్రాయుధం ఎత్తి బెదిరించి తినిపించాడు. తెల్లవారేసరికి బాలుడు గోడలమీద నడిచి, దూలాల దాకా ఎగిరే బలవంతుడయ్యాడు. కథలోని హాస్యం స్పష్టమే. శీలభంగమైన మాంసాహారం ఉన్నది, కాని పెట్టినవాడు దేవుడు. బలం ఉన్నది, కాని అది కోరినవాడు దెబ్బలు తిన్న పసివాడు. నవ్వు చాటున సంఘం తన సంకటాన్ని ఒప్పుకున్నది.

షావోలిన్‌లో వజ్రపాణిని నారాయణుడన్న పేరుతో కొలిచారు. 12వ శతాబ్దపు శిల ఒకటి ఆయన రూపాన్ని చూపుతుంది. తరువాతి కాలంలో ఆయన స్థానాన్ని కిన్నరరాజు ఆక్రమించాడు. 1517 నాటి శిలాశాసనం చెప్పే కథ ఇది. యువాన్ పాలన చివరిలో షావోలిన్ వంటశాలలో ఒక సేవకుడు ఉండేవాడు. చింపిరి జుట్టు, చెప్పులు లేని కాళ్లు, ఒంటిమీద చాలీచాలని బట్ట. ఏళ్ల తరబడి కట్టెలు మోస్తూ, పొయ్యి చూస్తూ ఉన్న అతణ్ణి పట్టించుకున్నవారు లేరు. 1351లో ఎర్రతలపాగాల తిరుగుబాటుదారులు విహారం మీదికి వచ్చినప్పుడు, అతడు పొయ్యి కట్టెను ఎగదోసే కర్ర పట్టుకొని బయటకు వచ్చి, పర్వతశిఖరమంత ఎత్తుకు పెరిగి, తాను కిన్నరరాజునని ప్రకటించాడు. తిరుగుబాటుదారులు పారిపోయారు. అతడు మాయమయ్యాడు. చెంగ్ జోంగ్‌యోవ్ తన దండవిద్యా గ్రంథంలో ఆ విద్యకు మూలపురుషుడిగా ఈ కిన్నరుణ్ణే పేర్కొన్నాడు, బోధిధర్ముణ్ణి కాదు.

భారతీయ వాఙ్మయంలో కిన్నరుడు యోధుడు కాడు. అతడు దేవతల గాయకుడు, కొంత మనిషి, కొంత గుర్రం లేదా పక్షి. తెలంగాణ పల్లెలలో మెట్ల కిన్నెర వాయిద్యం పేరులో ఆ సంగీత సంబంధం నేటికీ బతికి ఉన్నది. చైనా పర్వతంలో అదే పేరు పొయ్యి కర్ర పట్టింది. ఒక పదం ఒక దేశం నుండి మరొక దేశానికి వెళ్లినప్పుడు అర్థం ఎంత దూరం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు.

ఈ ఐతిహ్యం గురించి చరిత్రకారులు తేల్చిన విషయం మరింత గంభీరమైనది. షావోలిన్ చరిత్రపై విస్తృతంగా పరిశోధించిన మెయిర్ షహార్ శిలాశాసనాలను పరిశీలించి, 1350 దశకపు అల్లర్లలో విహారం రక్షింపబడలేదని చూపాడు. తిరుగుబాటుదారులు దానిని ధ్వంసం చేశారు. భిక్షువులు విడిచిపోయారు. పునరుద్ధరణ తరువాత జరిగింది. అంటే కిన్నరుడి విజయగాథ ఒక పరాజయం మీద కట్టినది. యోధులుగా పేరు పొందిన భిక్షువులు తమ విహారాన్ని కాపాడుకోలేకపోయిన జ్ఞాపకాన్ని, ఎవరూ గుర్తించని వంటవాడొకడు కాపాడాడన్న కథ కప్పివేసింది. ఆ కథలో ఒక మందలింపు కూడా ఉన్నదనిపిస్తుంది. శిక్షితులు నిలబడలేని చోట నిలిచినవాడు, వారు పేరు కూడా అడగని మనిషి.

అక్షరాలు లేని గ్రంథం

చలనచిత్రంలో పాండా డ్రాగన్ గ్రంథాన్ని విప్పితే అందులో తన ప్రతిబింబం తప్ప ఏమీ ఉండదు. తండ్రి తన పులుసులో రహస్య దినుసు అంటూ ఏదీ లేదని చెప్పినప్పుడు ఆ ఖాళీ అర్థం అతనికి తెలుస్తుంది. ఈ ఘట్టానికి చైనా సాహిత్యంలో ప్రసిద్ధమైన పోలిక ఉన్నది. 1592లో ముద్రితమైన 'పశ్చిమ యాత్ర' నవల 98వ అధ్యాయంలో యాత్రికులు గృధ్రకూటం చేరుకొని సూత్రాలు అందుకుంటారు. కానుకలు ఇవ్వలేదని ఆనందుడు, కాశ్యపుడు వారికి ఖాళీ కాగితాలు కట్టి ఇస్తారు. యాత్రికులు తిరిగి వచ్చి మొరపెట్టుకుంటే, అక్షరాలు లేనివే నిజమైన సూత్రాలని, అయితే తూర్పు దేశపు జనులకు అవి అర్థం కావు గనుక అక్షరాలున్నవే ఇస్తామని బుద్ధుడు చెబుతాడు. శూన్యతా సిద్ధాంతాన్ని, దేవాలయాల లంచగొండితనాన్ని ఒకే వేటుతో నవ్వులాటగా మార్చిన రచన అది.

ఆ నవలలోని భిక్షువుకు మూలమైన హ్యూయన్ త్సాంగ్ ఆంధ్రదేశానికి వచ్చి, 7వ శతాబ్దం నాలుగవ దశకం చివరిలో ధాన్యకటకంలో కొన్ని నెలలు నిలిచి, ఇద్దరు స్థానిక భిక్షువుల వద్ద మహాసాంఘిక అభిధర్మం చదివాడు. చరిత్రలోని యాత్రికుడు అక్షరం కోసం వేల మైళ్లు నడిచాడు. 657 గ్రంథాలను స్వదేశానికి చేర్చాడు. తొమ్మిది శతాబ్దాల తరువాత కథలోని యాత్రికుడి చేతిలో ఖాళీ కాగితం పెట్టారు. ఈ రెండింటిలో ఒకటి ఉంటే చాలునన్నది బౌద్ధ సంప్రదాయం మాట కాదు. గ్రంథం కోసం జీవితం ఇచ్చినవాడే, గ్రంథం అంతిమం కాదనగలడు.

చిత్రం ఎక్కడ వేరు పడింది

పోలికలతో పాటు భేదాలను కూడా చెప్పుకోవాలి. హుయినెంగ్ చీవరం తీసుకొని అడవులలోకి తప్పుకున్నాడు. కిన్నరుడు శత్రువులను బెదిరించి మాయమయ్యాడు. వీరిలో ఎవరూ శత్రువును చంపలేదు. కీర్తి కోసం నిలబడలేదు. చలనచిత్రంలో సమస్య చివరికి దెబ్బలతోనే తీరుతుంది. ఊరు జయజయధ్వానాలు చేస్తుంది. చాన్ కథలలో 'నేను' అన్న భావం కరగడం ఫలితమైతే, పాండా కథలో తనమీద తనకు నమ్మకం కలగడం ఫలితం. 2011 నాటి రెండవ చిత్రం అంతఃశాంతిని ప్రధానంగా తీసుకొని, పగను విడవడం గురించి మాట్లాడింది గాని అది కూడా యుద్ధంలో గెలుపుకు సాధనంగానే మిగిలింది. ఆధునిక ప్రేక్షకుడికి ఆత్మవిశ్వాసం కావాలి, పాత సంఘానికి అనాత్మ కావాలి. పాత్ర ఒకటే, వంటశాల ఒకటే, గమ్యాలు మాత్రం వేరు.

సినిమాలు వారసత్వ స్థలాల గతిని మార్చగలవనడానికి షావోలిన్ కంటే సాక్ష్యం అక్కరలేదు. 1928లో యుద్ధప్రభువు షీ యోవ్‌సాన్ సేనలు విహారానికి నిప్పు పెట్టాయి. ఎన్నో మందిరాలు, గ్రంథాలు కాలిపోయాయి. దశాబ్దాల పాటు శిథిలంగా ఉన్న ఆ స్థలానికి, 1982లో జెట్ లీ నటించిన 'షావోలిన్ దేవాలయం' చిత్రం వచ్చిన తరువాత జనం వెల్లువెత్తారు. 2010లో యునెస్కో డెంగ్‌ఫెంగ్ చారిత్రక కట్టడాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, షావోలిన్ విహారమూ, దాని స్తూపవనమూ అందులో భాగమయ్యాయి. చిత్రం చూసి వచ్చినవారు వెతికేది యుద్ధవిద్యను. అక్కడ నిలిచి ఉన్నవి భిక్షువుల సమాధి స్తూపాలు, శిలాశాసనాలు.

మన దేశంలోని బౌద్ధ స్థలాల దగ్గర కూడా ఇటువంటి ప్రశ్నలే ఎదురవుతాయి. బోధిధర్ముడు కుంగ్ ఫూ నేర్పాడా అని అడిగిన బాలుడికి అవునన్నా, కాదన్నా సరిపోదు. ఆ కథ 1624 నాటి గ్రంథంతో మొదలైందని, విహారాన్ని స్థాపించిన భారతీయుడు వేరొకడున్నాడని, షావోలిన్ భిక్షువులు తమ దండవిద్యకు మూలంగా చెప్పుకున్నది ఒక వంటవాణ్ణని చెప్పవచ్చు. తెలుగులో వెలువడే బోధిధర్మ చరిత్రలు 547, 645, 1624 సంవత్సరాల నాటి ఆధారాలను వేరువేరుగా చూపగలిగితే, పాఠకుడు ఏ పొరలో నిలబడి ఉన్నాడో తనకు తానే తెలుసుకుంటాడు. ఆ పని జరగడానికి చైనా శిలాశాసనాల, తొలి చాన్ గ్రంథాల తెలుగు అనువాదాలు ముందుగా రావలసి ఉన్నది.